మిరప కాని మొక్క

7-9-67, గురువారం

సుందరిని సికింద్రాబాదులో బండి ఎక్కించి వచ్చాను. చెల్లెలి పురుడు. పదిరోజులంది. కాకినాడలో వాళ్ళింట్లో పిల్లలందరికీ గవదబిళ్ళలు, అందుకని కళను నా దగ్గరే వదిలింది. బండి కదిలేదాకా కిటికీ ఊచల్లోంచి జాగ్రత్తలు చెబుతూనే ఉంది. పాలు కాచి చల్లార్చాలి. మీగడ తీసెయ్యాలి, మీగడ కనబడితే పిల్ల గ్లాసు ముట్టదు. పెరట్లోకి ఒంటరిగా పంపకూడదు.

"ఆ తొట్టి పక్క మొక్క కూడా పీకెయ్యండి. అది మిరప కాదు" అంది చివర్న.

బండి కదిలిపోవడం వల్ల జవాబు చెప్పడం కుదరలేదు. ఇక్కడ చెబుతున్నాను. అది మిరపే. విత్తనాలు నేనే చల్లాను, రోజూ నీళ్ళు నేనే పోస్తున్నాను.

మూడున్నరేళ్ళ పిల్లను పదిరోజులు చూసుకోవడం ఎంత పని? పగలు ఎలాగూ పనిమనిషి శాంతాబాయి ఉంటుంది. ఇక్కడే నాచారంలో రెండు వీధుల అవతల ఇల్లు. నేను ఆఫీసుకి వెళ్ళేముందు వచ్చి, తిరిగొచ్చాక వెళుతుంది. ఆదివారం ఒక్కటే నా వంతు.

8-9-67, శుక్రవారం

కళతో ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఇంతకాలం మధ్యలో సుందరి ఉండేది. "అన్నం తిన్నావా?" అన్నాను. "ఊ" అంది. అక్కడికి అయిపోయింది.

పిల్లకు మా గోదావరి మాట ఒక్కటీ మిగల్లేదు. అంతా శాంతాబాయి భాషే. ఇవాళ నా వెనకాలే వాకిట్లోకి వచ్చి, "నాయినా, సైకిల్ గట్ల వెడితె పడతది" అంది. నాకు తెలుసులే అన్నాను. పడింది.

9-9-67, శనివారం

సుందరికి ఉత్తరం రాశాను. కళ కులాసా, నేను కులాసా, మిరప మొక్క కులాసా.

మొక్క బాగా గుబురుగా వచ్చింది. కాయలు బఠాణీగింజల్లా గుండ్రంగా, గుత్తులుగా ఉన్నాయి. గుండు మిరప అయి ఉండాలి. కొన్ని నల్లబడ్డాయి. ఎండ దెబ్బ.

10-9-67, ఆదివారం, సాయంత్రం 4.40

భయపడవలసింది ఏమీ లేదు.

అదే రోజు, 6.15

జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవడం మంచిది, తర్వాత ఎవరైనా అడిగితే చెప్పడానికి ఉంటుంది.

భోంచేసి పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను. కంటికి దగ్గరగా ఉంటుందని ముఖం మీద పెట్టుకుని చదువుతున్నాను. కళ పక్కనే బొమ్మతో ఆడుకుంటోంది. కొంతసేపటికి పేపరు జారి కింద పడింది. గడియారం చూస్తే నాలుగూ పది. ఎదురుగా కళ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"లెవ్వు. ఇంక ఎంతసేపు పంటవ్?" అంది.

పిల్ల మూతి ఊదారంగు. పెదాలు, గడ్డం, ఎడమ బుగ్గ, రెండు చేతులు, గౌను ముందుభాగం. ఒక్క ఉదుటున పెరట్లోకి పరిగెత్తాను. మొక్క మీద నల్లకాయ ఒక్కటి కూడా లేదు. అన్నీ పచ్చివే. తొట్టి గట్టు మీద తొక్కలు, గింజలు, ఊదారసం.

వెంటనే పిల్లను విచారించాను.

"కళా, ఆ కాయలు తిన్నావా?"

"ఊ."

"ఎన్ని తిన్నావు?"

"రెండు."

ఎనిమిదేళ్ళుగా పటాల ఆఫీసులో పేర్ల సెక్షన్లో పనిచేస్తున్నవాణ్ణి, ఒక మనిషి ఒకసారి చెప్పిన మాటని తేలిగ్గా నమ్మను. సాక్షిని పరీక్షించాలి.

"నీకు ముక్కులెన్ని?"

"రెండు."

"చందమామలెన్ని?"

"రెండు."

"ఏనుగును తిన్నావా?"

"ఊ."

సాక్షి నమ్మదగింది కాదని తేలింది. ఇంక పిల్లను ఏమీ అడగదలచుకోలేదు. నోరు తెరవమన్నాను, తెరవలేదు. ఉప్పునీళ్ళు పుక్కిట పోస్తే నా చొక్కా మీద ఉమ్మింది. సున్నిపిండి పెట్టి రుద్దితే ఊదారంగు కాస్తా నీలమైంది.

శాంతాబాయి ఉంటే కనుక్కునేవాణ్ణి. మేనకోడలి పెళ్ళికి చర్లపల్లి వెళ్ళింది. మంగళవారం పొద్దున గాని రానని నిన్ననే చెప్పింది.

మా ఆఫీసులో పటం మీద ఒక ఊరి పేరో వాగు పేరో ఎక్కాలంటే ఒక పద్ధతి ఉంది. ఆ ప్రాంతం మనుషులు ముగ్గురిని విడివిడిగా అడగాలి. ముగ్గురూ ఒకే పేరు చెబితే ఫారంలో రాసి, సంతకాలు తీసుకోవాలి. తేడా వస్తే పుస్తకాలు తిరగెయ్యాలి. ఈ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. పటం అచ్చయ్యాక మా ఊరి పేరు తప్పు రాశారని నాకెవరూ ఉత్తరం రాయలేదు. కాబట్టి ఖాళీ ఫారం ఒకటి తీశాను. "గ్రామము" అన్నచోట కొట్టేసి "మొక్క" అని రాశాను. ఒక కొమ్మ తుంచి, దారం కట్టి, నంబరు వేశాను.

మొదటి సాక్షి మా ఇంటి యజమాని విశ్వనాథం గారు. పుట్టిందీ పెరిగిందీ నాచారంలోనే. కొమ్మను కళ్ళజోడుకి ఆనించుకుని చూశారు.

"గిదా? గిది పిచ్చిమొక్క" అన్నారు.

"అదే పేరా?"

"మరేం పేరుంటది? పిచ్చిమొక్కను పిచ్చిమొక్క అంటరు. నీకు పేపరుల పేరెయ్యాల్నా దానికి?"

రాసుకున్నాను. పిచ్చిమొక్క. సంతకం పెట్టారు.

భయపడలేదు.

11-9-67, సోమవారం

పిల్ల రాత్రంతా హాయిగా నిద్రపోయింది. అదే అనుమానంగా ఉంది.

కళను సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టి ఉప్పల్‌లో మా ఆఫీసుకి తీసుకెళ్ళాను. కొమ్మ హేండిల్‌కి కట్టాను. దారి పొడుగునా గంట తనే కొట్టింది. హబ్సిగూడ దగ్గర గేదెలు తప్పుకోలేదని వాటిని తిట్టింది కూడా. ఏమని తిట్టిందో రాయను.

ఆఫీసులో పిల్లను నా బల్ల మీద కూర్చోబెట్టి రెండో సాక్షిని పిలిచాను. కనకరాజు నాతో పాటే ఉద్యోగంలో చేరినవాడు, వరంగల్లు మనిషి. కొమ్మ చూడగానే ముఖం వికసించింది.

"అరె, గిది కామంచి గద అన్నా! మా చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి..."

"పేరు చాలు" అన్నాను.

"గాదన్నా, జర విను, గీ పండ్లను మేము..."

"కనకరాజూ, ఫారంలో పేరుకే గడి ఉంది. చిన్నప్పటి కబుర్లకి లేదు. సంతకం పెట్టు."

పెట్టాడు, కొంచెం చిన్నబుచ్చుకుని.

మూడో సాక్షి మా సెక్షన్లోనే పనిచేసే చిదంబరం. పుట్టింది మదురై అయినా ఇరవై ఏళ్ళుగా లాలాపేట్ కాపురం కాబట్టి ఈ ప్రాంతం మనిషి కిందే లెక్క. కొమ్మను వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. "మణత్తక్కాళి" అన్నాడు. అనేసి, ఎండబెట్టడం, నేతిలో వేయించడం, వత్తకుళంబు అనే పులుసు అని ఏదో మొదలుపెట్టాడు. పిల్ల ప్రాణం మీదికి వచ్చిన సమయంలో ఈయనకి భోజనం సంగతులు కావాలి. పేరొక్కటే రాసుకుని పంపేశాను.

ముగ్గురు సాక్షులు. పిచ్చిమొక్క, కామంచి, మణత్తక్కాళి. ఒకదానికొకటి పొంతన లేదు. ఎనిమిదేళ్ళలో ఇంత ఘోరమైన తేడా ఎప్పుడూ రాలేదు. ఫారం మీద ఎర్రసిరాతో "వివాదము" అని రాసి లైబ్రరీకి వెళ్ళాను.

లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. ఇటుక మందం, రంగుల బొమ్మలు. పేజీ తరవాత పేజీ తిప్పుతుంటే దొరికింది. అదే పచ్చటి ఆకు, అదే నల్లటి గుండ్రటి పండు. పేరు డెడ్లీ నైట్‌షేడ్. డెడ్లీ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కింద లక్షణాలు ఇచ్చారు. కనుపాపలు పెద్దవవుతాయి. బుగ్గలు ఎర్రబడతాయి. నోరు ఎండుకుపోయి మాటిమాటికీ నీళ్ళడుగుతారు. కారణం లేకుండా నవ్వుతారు. ఎదురుగా లేనివాళ్ళతో మాట్లాడతారు.

పుస్తకం పట్టుకుని సెక్షన్లోకి పరిగెత్తాను. కళ కళ్ళు ఇంతింత ఉన్నాయి. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే "నీళ్ళు" అంది. తాగి నవ్వింది. నా పెన్సిళ్ళ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, "పండుకో బిడ్డా, పండుకో, రేపు జాతరకు వోదం" అని జోకొడుతోంది.

అయిదుకి అయిదు.

కాళ్ళు వణికాయి. భయం కాదు, పొద్దున్నే సైకిలు తొక్కినందువల్ల.

ఈలోగా మా ఆఫీసరు రామ్మోహనరావు గారి గదిలోంచి పిలుపు వచ్చింది. పిల్ల బల్ల మీద కూర్చున్న సమయంలో నీలంపెన్సిలు తీసుకుని, నేను సరిచూస్తున్న తాలూకా పటం మీద ఒక వాగును ఆరుమైళ్ళు పొడిగించింది. అది రెండు కొండలెక్కి దిగి, ఒక రైలుస్టేషన్లోంచి పోతోంది.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు.

"ప్రూఫు కాపీయే సార్" అన్నాను.

"అది సరే. వాగు కొండెక్కుతుందా?"

కడుపులో ఉన్నదంతా చెప్పేశాను. పండ్లు, రెండు, ఏనుగు, పుస్తకం, అంతా. ఆయన సెలవు తీసుకుని డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. మూడు గంటల ముందే ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది. ఎవరూ చెప్పలేదు.

దారిలో పోస్టాఫీసు కనబడింది. సుందరి దగ్గర దాచడం న్యాయం కాదనిపించింది. చెప్పి భయపెట్టడమూ న్యాయం కాదు. మధ్యేమార్గంగా ఒక టెలిగ్రాం ఇచ్చాను. "కళ పూర్తి క్షేమం. ఏమాత్రం కంగారుపడవద్దు." కౌంటర్లో మనిషి చదివి, కళ వంక చూసి, నా వంక జాలిగా చూశాడు.

"పాపకు ఏమైంది సార్?"

"ఏమీ కాలేదు. అందుకే టెలిగ్రాం."

రసీదు ఇచ్చాడు.

లాలాపేట్‌లో భూషణం డాక్టరుకి పేరుంది. నా వంతు వచ్చేసరికి సాయంత్రం అయిదు దాటింది. ఫారం, కొమ్మ, పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్న లక్షణాల కాగితం ఆయన ముందు వరసగా పెట్టాను.

"కాయితాలు జూపుతున్నవు, పిల్లేది?" అన్నాడు.

కళ అప్పటికే ఆయన బల్ల కిందకి దూరి చెప్పులు మార్చి పెడుతోంది. ఎత్తుకుని కూర్చోబెట్టుకున్నాడు. కళ్ళు చూశాడు, నాడి చూశాడు, పొట్ట నొక్కాడు. పొట్ట నొక్కితే పకపకా నవ్వింది. కారణం లేని నవ్వు, అని డాక్టరుకి గుర్తుచేశాను.

"పొట్ట ఒత్తితె నవ్వక ఏడుస్తరా? సూడు సార్, నిన్న మూడు నాలుగు గంటలకు తిన్నదంటున్నవ్. గిప్పుడు అయిదు దాటింది. ఏమన్న అయ్యేదుంటె ఎప్పుడో అయితుండె. పిల్ల మస్తుగున్నది. ఇంకోసారి గిట్లయితె కాయితాలు రాసుకుంట కూసోకు. ఉన్నపలంగ పిల్లను పట్కరా. ఫికర్ జెయ్యకు."

"మరి ఆ పండు ఏమిటండీ?"

"పచ్చి కాయలతోని నేనేం జెప్త? పండిందొకటి ఉంటె తీస్కరా, సూద్దం."

పిల్లకు పిప్పరమెంటు ఇచ్చాడు. నాకేమన్నా నిద్రమాత్ర కావాలా అని అడిగాడు.

మంచివాడే గాని, ఒక్క పుస్తకమైనా తెరిచి చూడలేదు.

అదే రోజు, 6.50

పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది. "కొందరిలో విషప్రభావం ఆలస్యంగా బయటపడవచ్చును." ఎంత ఆలస్యమో రాయలేదు. అంటే కళ మంగళవారం ఆడుకుంటున్నా, బుధవారం ఆడుకుంటున్నా నాకు నమ్మకం కుదరదు. పండు విషమా కాదా అన్నది నేనే తేల్చుకోవాలి. ఉన్న మార్గం ఒక్కటే.

కళ బరువు పన్నెండు కిలోలు. పార్సెళ్ళు తూచే కాటా మీద మధ్యాహ్నం ఆఫీసులో తూచాను. నా బరువు అరవై. స్కేలు ఒకటికి అయిదు. తను రెండు తిన్నానంది కాబట్టి నేను పది తినాలి. పండినవి లేవు. రంగులో తప్ప తేడా ఏముంటుంది, కాయ అదే కదా. పచ్చివే పది కోశాను.

నాకేమైనా అయితే పిల్ల ఏమవుతుందని ఆలోచించాను. విశ్వనాథం గారికి చెప్పి ఉంచాను, పొద్దున తలుపు తియ్యకపోతే బద్దలు కొట్టమని. సరే అని, తలుపుకి డబ్బులు నువ్వే ఇచ్చుకోవాలె అన్నారు.

7.05 మొదటిది. చేదు.
7.08 నాలుగు అయ్యాయి. చాలా చేదు.
7.15 పది పూర్తి. మిరప కాదు. (ఈ ముక్క సుందరికి చెప్పనక్కరలేదు.)
7.30 కనుపాపలు అద్దంలో మామూలే.
8.00 ఏమీ లేదు. విషం కాదు. కళ బతికింది. నేను ఊరికే కంగారు పడ్డాను, అంటే పడలేదు.

12-9-67, మంగళవారం

5.20 వెళ్ళి వచ్చాను.
5.45 మళ్ళీ.
6.05
6.15
ఇంక టైము వెయ్యను.

అదే రోజు, సాయంత్రం

పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే నా తప్పు కాదు.

పొద్దున ఏడింటికి శాంతాబాయి వచ్చేసరికి నేను పెరట్లో చెంబు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. వాంతులు కూడా మొదలయ్యాయి. కళ నా లుంగీ కొస పట్టుకుని నిలబడింది.

"ఏందిది సారూ? గిట్లయినవేంది?" అని శాంతాబాయి బుట్ట కింద పడేసింది.

నీరసంగా మొక్క చూపించాను. పిల్ల పండ్లు తిందన్నాను. విషమేమో తేల్చుకోవడానికి నేను కాయలు తిన్నానన్నాను. శాంతాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోంది పాపం అనుకున్నాను.

"కామంచి పండ్లా! మా పోరగాండ్లు దోసిల్ల కొద్ది తింటరు సారూ. నేను గిట్ల తినే పెరిగిన. పండినయి తింటె ఏం గాదు. పచ్చివి ఎవలన్న తింటరా? మేకలు గూడ తినవు!"

"కనకరాజు అదే పేరు చెప్పాడు" అన్నాను.

"పేరు జెప్పిండు సరే. తినొచ్చా అని అడిగినవా?"

అడగలేదు. ముగ్గురిని అడిగాను, సంతకాలు తీసుకున్నాను, నంబరు వేశాను. ఆ పండు తింటారా అన్న మాట ఒక్కణ్ణీ అడగలేదు. వాళ్ళు చెప్పబోతే నోరు మూయించాను. ఫారంలో దానికి గడి లేదు మరి.

శాంతాబాయి భూషణం డాక్టరుకి కబురు పంపింది. కాంపౌండరు మందుసీసా పట్టుకొచ్చి, "మందు పాపకా?" అని అడిగాడు. నాకని శాంతాబాయి చెప్పింది. ఎన్ని కాయలని అడిగాడు. పది అన్నాను, ఏది ఎన్నింటికి తిన్నానో కూడా చెప్పబోయాను. వినకుండా వెళ్ళిపోయాడు. వీధి చివరిదాకా అతని నవ్వు వినబడింది.

మధ్యాహ్నం మజ్జిగ తాగి పడుకుంటే కళ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"నాయినా, అన్నం తిన్నవా?"

లేదన్నాను. పెద్దగా నిట్టూర్చింది.

ఈ డైరీలో అబద్ధం రాసి ఎవర్ని మోసం చెయ్యాలి? భయపడ్డాను. ఆదివారం నాలుగూ పది నుంచి ఇవాళ పొద్దున ఏడుదాకా ఊపిరి పీల్చినప్పుడల్లా భయపడ్డాను. అది నవ్వితే భయం, నిద్రపోతే భయం, నీళ్ళడిగితే భయం. ఆ పది కాయలూ చేదుగా ఉన్నాయని కూడా తెలియనంత భయం. చేదు అని రాశానే గాని, చేతిలో ఇరవై ఉంటే ఇరవయ్యీ తినేసేవాణ్ణి.

సుందరికి ఇదంతా తెలియనక్కరలేదు. పదిహేడున వస్తుంది. ఈలోగా నేను లేచి తిరుగుతాను. మొక్క పీకేసి, ఎండిపోయింది అంటే సరిపోతుంది.

13-9-67, బుధవారం

సుందరి వచ్చేసింది.

పొద్దున్నే రిక్షా ఆగిన చప్పుడు. తలుపు తీసేలోగా నన్ను తోసుకుని లోపలికి పోయింది. ట్రంకుపెట్టె లేదు, చేతిసంచీ లేదు, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు. నిద్రపోతున్న కళను ఎత్తి గుండెకి అదుముకుని, కాళ్ళూ చేతులూ తడిమి చూసి, ఆ తరవాత నా వంక తిరిగింది.

"కులాసాగా ఉందని టెలిగ్రాం ఇచ్చాను కదా" అన్నాను.

"కులాసాగా ఉంటే ఎవరైనా టెలిగ్రాం ఇస్తారాండీ? అది విప్పకముందే మా అమ్మ శోకాలు పెట్టింది. విప్పి చదివాక ఇంకా పెద్దగా పెట్టింది. ఆ కేకలకి మా చెల్లెలికి అప్పటికప్పుడు నెప్పులొచ్చాయి."

"అయ్యో! ఎలా ఉంది?"

"మగపిల్లాడు. ఇద్దరూ బాగున్నారు. నేను పిల్లాడి ముఖం కూడా సరిగ్గా చూడకుండా బండెక్కాను. రాత్రంతా కూర్చునే ఉన్నాను. ఏం జరిగిందో చెప్పండి."

ఏమీ జరగలేదని చెప్పబోయాను. శాంతాబాయి అప్పుడే వచ్చింది. నాకు చెప్పే పని లేకుండా మొత్తం తనే చెప్పింది, నేను గోడకి ఆనుకుని ఎలా నిలబడ్డానో నిలబడి చూపించింది కూడా. సుందరి తిన్నగా పెరట్లోకి నడిచింది. నేను ఇంకా మొక్క పీకలేదు.

"కామంచి" అంది. "ఈ ఆకు మా అమ్మ పప్పులో వేస్తుంది. మిరప కాదని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"పిల్లను పెరట్లోకి వదలొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ఇంకెప్పుడైనా నేను దీన్ని మీకు అప్పగించి గడప దాటగలనా?"

కామంచి పండు మంచిదైంది కాబట్టి సరిపోయింది. అది గన్నేరుకాయ అయి ఉంటే? నేను అప్పుడు కూడా ముఖం మీద పేపరు పెట్టుకుని నిద్రపోతూనే ఉండేవాణ్ణి. చదువుతున్నానని రాశాను గాని నిద్రపోయాను. సుందరితో అదే చెప్పాను. తను తిట్టలేదు. తిడితే బాగుండేది. చెంగుతో కళ్ళు తుడుచుకుని మెట్టు మీద కూర్చుంది.

కళ నిద్ర లేచి కళ్ళు నులుముకుంటూ వచ్చింది. అమ్మను చూసి గట్టిగా అరిచి ఒళ్ళో పడింది. కాసేపయ్యాక సుందరి దాని గడ్డం ఎత్తి చూసింది. ఊదారంగు మచ్చ ఇంకా పోలేదు.

"ఎన్ని తిన్నావే దొంగా?"

నేను మధ్యలో కలగజేసుకున్నాను. "దాన్ని అడిగి లాభం లేదు. రెండు అంటుంది."

"తినలే" అంది కళ.

ఇద్దరం దాని ముఖంలోకి చూశాం.

"తినకపోతే మూతికి ఇంత రంగెలా వచ్చిందమ్మా?" అంది సుందరి.

"పూసుకున్న. నీకు నోరు ఎర్రగుంటది గద, తమలపాకు తింటె. గట్ల."

"ఎందుకు పూసుకున్నావు?"

ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది కళ.

"నువ్వు ఊరికి వోయినవ్ గద. ఇంట్ల అమ్మ లేకపోతె నాయినను ఎవలు సూస్తరు?"

సుందరి నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేను నవ్వలేకపోయాను. ఆరురోజులుగా ఈ ఇంట్లో నేను పిల్లను చూసుకుంటున్నాననుకున్నాను. అది నన్ను చూసుకుంటోంది. తిన్నానా లేదా అని అడిగింది, నిద్ర లేపింది, సైకిలు పడుతుందని చెప్పింది, జబ్బు చేస్తే మంచం దగ్గర కూర్చుంది. ఊరంతా తిరిగి అందరినీ అడిగాను గాని, దాని పక్కన కూర్చుని ఎందుకమ్మా ఇలా పూసుకున్నావని ఒక్కసారి అడగలేకపోయాను.

"నా తల్లే" అన్నాను.

కళ అమ్మ ఒళ్ళోంచి దిగి నా దగ్గరికి వచ్చింది. కిందికి వంగమంది. వంగాను. నా నుదుటి మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు పైకి తిప్పి, కొంచెంసేపు లెక్క చూసుకుంది.

"సల్లగయింది. జరం లేదు. ఇగ ఆపీసుకు వో."

వెళ్ళాను.